ఎదురింటి లింగన్‌బెర్రీ

మా ఎదురింటి ముందు పైన్ చెట్టు కింద, జానెడు ఎత్తు కూడా లేకుండా నేలంతా పరుచుకుని ఒక మొక్క ఉంది. ఆకు చిన్నది, దళసరిగా ఉంటుంది, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. వేసవి పోయే వేళకి శనగగింజంత ఎర్రటి కాయలు గుత్తులుగా వస్తాయి. పేరు లింగన్‌బెర్రీ. ఉత్తరాన చలి అడవుల్లో, పెద్ద చెట్ల నీడలో, ఎవరి కంటా పడకుండా పెరిగే జాతిట. ఎవరి కంటా పడకపోవచ్చు గానీ నా కంట్లో పడింది. పడినప్పటినుంచీ అక్కడే ఉంది, నలుసులాగా.

అసూయ అంటే నాకు కొత్త కాదు. నేను కొట్టు మనిషిని. మా నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. మేనమామల్లో ఒకాయనది బట్టలు, ఇంకొకాయనది ఇత్తడి సామాను. ఎదురు కొట్టు ముందు ఎంతమంది నిలబడ్డారో చూడనిదే మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగేది కాదు. అమెరికాలో ఈ ఎడిసన్ ఊరు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ చూపు పోలేదు. ఇక్కడి ఇండియన్ షాపులో కొత్తిమీర కట్ట దగ్గర కూడా నేను బేరమాడతాను. కౌంటర్ మీది అబ్బాయి, "ఆంటీ, బార్‌కోడ్ ఉంది కదా" అంటాడు. బార్‌కోడ్ ఉంటే మాత్రం, కాస్త కరివేపాకు కొసరు వెయ్యకూడదా?

ఈ చుట్టుపక్కల పుల్లకాయ రాజ్యం ఒకప్పుడు నాది. చలికాలం ముందు క్రాన్‌బెర్రీలు రాగానే సంచులు సంచులు తెచ్చి పులిహోర కలిపేదాన్ని, పప్పులో వేసేదాన్ని, మెంతిపిండి, ఇంగువ దట్టించి నిలవ పచ్చడి పెట్టేదాన్ని. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందు ఎవరింట్లో అయినా నా గిన్నె ముందే ఖాళీ. "వాక్కాయ మర్చిపోయాం మీ వల్ల" అనేవాళ్ళు. నేను "ఆఁ, ఏదో లెండి" అనేదాన్ని. ఆ "ఏదో లెండి" అనడానికే నేను పాట్‌లక్‌లకి వెళ్ళేదాన్ని.

అప్పుడు ఎదురింట్లోకి ఆవిడ దిగింది. వరంగల్ అమ్మాయి, నాకంటే చాలా చిన్న. మిన్నెసోటాలో ఉద్యోగం చేసి ఇటు మారింది, మొగుడూ తనూ, ఇద్దరే. సామాను ట్రక్కులో వచ్చింది, కారు వెనక సీట్లో మాత్రం ట్రేలనిండా ఈ మొక్కలు. అక్కడ పక్కింటి ముసలావిడ వెళ్ళిపోతున్నందుకు గుర్తుగా తవ్వి ఇచ్చిందట. కిటికీలోంచి చూసి నేను నవ్వాను. కరివేపాకు మొక్కని సీట్‌బెల్ట్ పెట్టి తెచ్చుకున్నవాళ్ళని ఎరుగుదును గానీ ఇలా గడ్డిని మోసుకొచ్చేవాళ్ళని చూడలేదు.

ఆ ఏడు దీపావళి పాట్‌లక్‌లో నా క్రాన్‌బెర్రీ పచ్చడి పక్కన ఇంకో గిన్నె కనపడింది. రంగు నా దానికంటే చిక్కన. ఒకావిడ వేలితో నాకి, కళ్ళు మూసుకుని, "అచ్చం వాక్కాయే" అంది. నా మాట అది. నా గిన్నెకి రావలసిన మాట. ఆ రోజు నా గిన్నెలో సగం మిగిలింది. మూత పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. మా అమ్మాయి కూడా ఆ గిన్నెలోనే పడింది. అది ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో ఉంది. నేను ఏ పచ్చడి చేసినా ముందు వాసన చూస్తుంది, తర్వాత "మేబీ లేటర్" అంటుంది. ఆ లేటర్ ఇంతవరకు రాలేదు. అలాంటిది ఎదురింటావిడ పచ్చడి బ్రెడ్ మీద రాసుకుని మరీ తింది.

"అమ్మా, ఆంటీ పచ్చడి లైక్ సో గుడ్. నువ్వు కూడా అలా చెయ్యొచ్చు కదా?"

"అందులో వెల్లుల్లి ఎక్కువైంది" అన్నాను.

"అదే గుడ్ పార్ట్" అంది.

తర్వాత అది ఆదివారాల అలవాటయింది. మధ్యాహ్నం తిన్న పళ్ళెం సింకులో పెట్టి, "ఆంటీ దగ్గరికి వెళ్తున్నా" అని దాటిపోయేది. సాయంత్రం చిన్న సీసాతో వచ్చేది, మొహం వెలిగిపోతూ. నేను స్కూలు గురించి అడిగితే "ఫైన్". ఫ్రెండ్స్ గురించి అడిగితే "ఐ డోంట్ నో, అమ్మా". ఎదురింటి వాకిట్లో మాత్రం దాని నవ్వు రోడ్డు దాటి మా వంటింట్లోకి వినపడేది. నా కూతురు అంత గట్టిగా నవ్వుతుందని నాకు ఎదురింటి పుణ్యమా అని తెలిసింది. నా కడుపుమంటంతా ఆ నవ్వు దగ్గరే. అది మా ఇంట్లో నవ్వాలి, నాతో. నాకు కావలసిందల్లా అదే.

కొట్టు బుర్ర కదా, దారి కూడా కొట్టులాగే ఆలోచించింది. ఎదురు కొట్టులో ఒక సరుకు దొరుకుతోందని గిరాకీ అటు పోతుంటే, ఏడుస్తూ కూర్చోకూడదు, అదే సరుకు తెచ్చి మన కొట్టులో పెట్టాలి. అంటే ఆ మొక్క మా పెరట్లో పెరగాలి.

నా దగ్గరా సరుకుంది. మా కరివేపాకు మొక్క హాల్లో సీలింగుని తాకుతుంది. మా స్నేహితుల్లో అంత చెట్టు ఇంకెవరికీ లేదు. పక్కన లేచిన పిలకల్ని నేను ఎవరికీ ఇవ్వను, ఇస్తే చెట్టుకి ఏం విలువ? ఎదురింటావిడ కరివేపాకు మిన్నెసోటా చలికి చచ్చిపోయిందని నా చెవిన పడింది. వసంతం రాగానే, అన్నిట్లోకీ బక్కగా ఉన్న పిలకని చిన్న కుండీలో పెట్టి, రోడ్డు దాటాను.

"ఏమ్మా, కరివేపాకు మొక్క కావాలన్నావట?"

"అయ్యో అక్కా, ఎప్పటిసంది చూస్తున్న! మీరు ఎవ్వరికీ ఇయ్యరని చెప్పిన్రు గదా."

"ఎవరు చెప్పారు?"

"అందరు."

"సరేలే. నీకు ఇస్తాను. ఉత్తినే ఇవ్వడం మా ఇంటా వంటా లేదు, నువ్వూ ఏదో ఒకటి ఇవ్వు."

"ఏం గావాల్నో చెప్పుండ్రి అక్కా."

కావలసిన దానివైపు ముందు చూడకూడదు. అది మా నాన్న దగ్గర నేర్చిన మొదటి పాఠం. గులాబీని మెచ్చుకున్నాను. పుదీనా వాసన చూశాను. ఆఖరికి కాలితో ఇలా చూపించి, "ఇదేంటి, ఏదో గడ్డిలా ఉందే?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "లింగన్‌బెర్రీ అక్కా. మీరు రోజు కిటికీలకెళ్లి చూసేది దీన్నే గదా!"

బేరం అక్కడే సగం ఓడిపోయాను. అయినా పరువు కోసం మిగతా సగం ఆడాను. ఆవిడ పారతో ఒక గడ్డ పెళ్ళగించి ఇచ్చింది. నేను కుండీ కింద పెట్టకుండా నిలబడ్డాను. ఇంకొంచెం తవ్వింది. "కొసరు?" అన్నాను. "కొసరంటే?" అంది పాపం. తూకం అయ్యాక పైన చేతినిండా వేసేదాన్ని కొసరంటారని చెప్పాను. నవ్వుకుంటూ ఇంకో గడ్డ వేసింది. అలా ఒక బక్క పిలకకి ఒక తొట్టెడు మొక్కలు సంపాదించాను.

"అక్కా, దీన్ని ఎట్ల చూసుకోవాల్నంటే..." అంది మట్టి చేతులు దులుపుకుంటూ.

"మొక్కల సంగతి నాకు చెప్పక్కర్లేదమ్మా. న్యూజెర్సీలో కరివేపాకుని చెట్టు చేసినదాన్ని" అన్నాను.

ఆవిడ పార గోడకి ఆనించింది. ఆ రోజు అక్కడ ఊరికే దొరుకుతున్న సరుకు ఆ సలహా ఒక్కటే. దాన్నే వదులుకుని వచ్చాను.

మొక్కల్ని పెద్ద తొట్టెలో పెట్టాను. ఆ వేసవి చివర గుప్పెడు కాయలు కాశాయి. మెత్తగా నూరి, ఆవిడకంటే ఎక్కువ వెల్లుల్లి వేసి, పోపు పెట్టి, మా అమ్మాయి పళ్ళెంలో వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. అది వాసన చూడలేదు. నా గుండె లేచింది. నాలిక మీద పెట్టుకుని చప్పరించింది.

"ఆల్మోస్ట్" అంది.

ఆల్మోస్ట్! పరీక్షలో పాసవడానికి తక్కువైన ఒక్క మార్కు లాంటి మాట. సరే, మొదటి కాపు కదా, వచ్చే ఏడు చూసుకుందామనుకున్నాను.

ఆకులు రాలే కాలం ముదిరింది. మా వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజుల్లో ఒక తంతు ఉంటుంది. రాత్రికి మంచు పేరుకుంటుందని ఫోన్లో ఫ్రాస్ట్ హెచ్చరిక రాగానే వాట్సాప్ గ్రూపులో "మొక్కలు లోపలికి!" అని ఒకరు పెడతారు. ఇక ఆఫీసు నుంచి వచ్చిన మగవాళ్ళు లాప్‌టాప్ సంచీ దించీ దించకముందే తొట్టెలు మోస్తారు. కరివేపాకు, మల్లె, తులసి, కొందరింట్లో ఓపికుంటే నిమ్మ. హాలు నర్సరీ అవుతుంది, సోఫా గోడకి జరుగుతుంది. మా ఆయన కరివేపాకు మోసి, నడుం పట్టుకుని నిలబడ్డారు. నేను లింగన్‌బెర్రీ తొట్టె చూపించాను.

"ఇది కూడానా?"

"అది కూడా."

"దానికో స్వెటర్ అల్లకపోయావా?"

"అల్లేదాన్నే, కొలత తెలియక ఊరుకున్నాను. మొయ్యండి."

హీటర్ గాలి వచ్చే చోట పెట్టించాను, వెచ్చగా ఉంటుందని. కరివేపాకుకి పోసినట్టే పుల్లమజ్జిగ నీళ్ళు పోశాను. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి దాన్ని చూసి ఆగింది.

"అమ్మా, ఇది అవుట్‌సైడ్ ప్లాంట్ కదా?"

"నీకేం తెలుసు, పైకెళ్ళి చదువుకో."

మొదటి మంచు పడ్డ ఉదయం కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురింటి పైన్ చెట్టు కింద తెల్లటి దుప్పటి, ఆకు అన్నది కనపడలేదు. ఆవిడ కారు మీది మంచు గీకుతోంది. తలుపు తీసి, "మొక్కలు లోపల పెట్టుకోలేదేం?" అని కేకేశాను. "ఏం గాదక్కా వాటికి!" అని చెయ్యూపింది. నాకు జాలేసింది అని రాయాలని ఉంది. వెయ్యలేదు. కాఫీ చాలా బాగుంది ఆ రోజు. ఆవిడవన్నీ పోతాయి, మిగిలేది నా తొట్టె ఒక్కటే, అప్పుడు గిన్నె పట్టుకుని ఎవరు రోడ్డు దాటతారో చూద్దాం అనుకున్నాను.

మంచు కరిగింది. పైన్ చెట్టు కింద దుప్పటి లాగేసినట్టు, ఆకులు అంతకు ముందుకంటే ముదురు పచ్చగా బయటపడ్డాయి. కొన్నాళ్ళకి వాటి మీద తెలుపూ గులాబీ కలిసిన చిన్న చిన్న గంటల్లాంటి పూలు. మా హాల్లో తొట్టెలో మాత్రం రెమ్మలు పాలిపోయి సాగాయి. ఆకు అంచులు గోధుమరంగుకి తిరిగి, చెయ్యి తగిలితే రాలుతున్నాయి. పువ్వన్నది లేదు. అప్పుడు ఫోన్ తీసి చదివాను. ఆ మొక్క చలికాలమంతా నెలల తరబడి చలిలో ఉండి తీరాలిట, ఆ చలి తినే అది పూస్తుందిట. నేను దాన్ని హీటర్ పక్కన కూర్చోబెట్టి, మజ్జిగ పోసి, శీతాకాలమంతా పస్తు పెట్టానన్నమాట.

తొట్టె బయట పెట్టాను గానీ ఆ ఏడు ఒక్క కాయ రాలేదు. ఎదురింటి వరండాలో నేనిచ్చిన బక్క పిలక మాత్రం మోకాలెత్తు పెరిగి, కొత్త చిగుళ్ళు వేసి, గాలికి ఊగుతోంది. బేరంలో మోసపోయిన ఆసామిని చూసి మా మేనమామలు ఎలా నవ్వేవాళ్ళో నాకు గుర్తుంది. ఆ నవ్వు నేనే నవ్వుకున్నాను, ఒక్కదాన్నే.

ఎండలు తగ్గి, ఎదురింటి కాయలు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఒక ఆదివారం, మా అమ్మాయి అటు వెళ్ళిన కాసేపటికి, నేనే గిన్నె పట్టుకుని బయలుదేరాను. కాయలు అడుక్కుని తెచ్చి, ఇంట్లోనే పచ్చడి చేసి, అమ్మాయిని మా టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలని. పరువు సంగతి తర్వాత.

బెల్ కొట్టాను. ఎవరూ తియ్యలేదు. మా అమ్మాయి ఇంటి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. కారు లేదు. దీన్ని ఎక్కడికి తీసుకెళ్ళింది? షాపింగుకా, సినిమాకా? నేను పిలిస్తే హోంవర్క్ ఉంటుంది దీనికి. పైన్ చెట్టు పక్కన, ఆ కాయల మధ్య, ఖాళీ గిన్నెతో నిలబడ్డాను.

వీధి చివర కారు తిరిగింది. నెమ్మదిగా, సిగ్నల్ వేసుకుని, ఎంతో మర్యాదగా వస్తోంది. స్టీరింగ్ దగ్గర ఉన్నది మా అమ్మాయి. పక్క సీట్లో ఆవిడ. ఇద్దరూ ఏదో దానికి నవ్వుతున్నారు. నన్ను చూడగానే కారు డ్రైవ్‌వే మొదట్లో టక్కున ఆగింది, నవ్వు కూడా.

"ఎన్నాళ్ళనుంచి ఇది?" అన్నాను.

ఆవిడే ముందు దిగింది. "కోపం జెయ్యకుండ్రి అక్కా. కారు నేర్చుకునే పర్మిట్ ఉన్నది గదా పిల్లకు. పక్కన నేనే కూసుంటున్న. అన్నకు చెప్పినంకనే మొదలువెట్టినం."

అన్న అంటే మా ఆయన. అంటే మా ఇంట్లో ఈ సంగతి తెలియనిది నాకూ కరివేపాకు చెట్టుకీ మాత్రమే. కరివేపాకు సంగతి కూడా నాకు అనుమానమే.

మా అమ్మాయికి డ్రైవింగ్ నేర్పడం నేనే మొదలుపెట్టాను, పర్మిట్ వచ్చిన కొత్తలో, గుడి పార్కింగ్ లాట్‌లో. "ఆపు, ఆపు, స్తంభం!" అని అరిచాను. స్తంభం చాలా దూరంలో ఉంది. ఇంకోసారి ఇంకా ఏదో అరిచాను. అది లాట్ మధ్యలోనే కారు ఆపేసి, దిగి, అరుగు మీద కూర్చుంది. మళ్ళీ కారు మాట ఎత్తలేదు. ఇంటరెస్ట్ పోయిందిలే అనుకుని, నిజం చెప్పాలంటే నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు మాత్రం వ్యాపారంలోకి దిగాను. "ఇంతవరకు చేసిన సాయం చాలమ్మా" అన్నాను ఆవిడతో. "ఇకనుంచి నేను నేర్పుకుంటాను. నీ కష్టం ఉంచుకోను, ఇంకో కరివేపాకు పిలక ఇస్తాను. ఈసారి మంచిది."

ఆవిడకి నవ్వాలో వద్దో తెలియలేదు. "నా తోని బేరమేంది అక్కా? అడగాల్సింది దాన్ని."

"హలో, నేను ఇక్కడే ఉన్నా" అంది మా అమ్మాయి కారు కిటికీలోంచి.

నేను కిటికీ దగ్గరకి వెళ్ళాను. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కాలుతో బ్రేక్ తొక్కుతావు అమ్మా. నీ సైడ్ బ్రేకే లేదు."

"భయమేసి తొక్కుతాను."

"నీ భయం నాకు వినిపిస్తుంది. నువ్వు ఏం మాట్లాడకపోయినా స్స్ అంటావు. ఆంటీ స్స్ అనదు."

ఆంటీ అనదు. ఆంటీకేం, కన్నదా పెంచిందా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగాను. "నేనూ అనను. ఒక్కసారి నన్ను ఎక్కించుకో. ఈ వీధి చివరిదాకా."

"లైబ్రరీ దాకా, అండ్ బ్యాక్. నువ్వు ఒక్క మాట మాట్లాడినా నేను పార్క్ చేసి దిగిపోతా."

"పెద్ద సిగ్నల్ దగ్గర ఒక్క మాట..."

"నో."

"ట్రక్కు వస్తేనో?"

"అమ్మా!"

నా రక్తంలో ఉన్న బేరమంతా ఉపయోగించినా ఒక్క మాట కూడా కొసరు రాలేదు. కూతురు నాకంటే గట్టిది. ఒప్పుకున్నాను. ఎదురింటావిడ వంగి, చేతికి అందినన్ని కాయలు దూసి, నా అరచేతిలో పోసింది. "నోరు ఊకోదు అక్కా మీకు. ఇవి ఏసుకోండ్రి, మాట రాదు" అంది. ఎగతాళి అన్నది తెలుస్తూనే ఉంది. అయినా పట్టుకున్నాను.

మా అమ్మాయి మా కారు తీసింది. సీట్ సర్దుకుంది, అద్దాలు సర్దుకుంది, భుజం మీదుగా వెనక్కి తిరిగి చూసింది. ఒక్కటీ నేను నేర్పింది కాదు. ప్రతి మంచి అలవాటూ నన్ను గిల్లింది. పెద్ద రోడ్డు రాగానే కాయలు గుప్పెడు నోట్లో పోసుకున్నాను. ఉడకబెట్టని లింగన్‌బెర్రీ పులుపు ఒక్కటే కాదు, చేదు, వగరు కూడా. దవడలు ముడుచుకుపోయాయి. ఎడమకి తిరగాలి, ఎదురుగా కార్ల వరస. నా కాలు నేలని తొక్కింది. అది ఓరగా చూసింది. ఖాళీ దొరికేదాకా ఆగి, తొందర లేకుండా తిప్పింది.

కాసేపటికి అదే మాట్లాడటం మొదలుపెట్టింది. టెస్ట్ వచ్చే వారమట. ప్యారలల్ పార్కింగ్ తనకి ఓకే గానీ కార్లు గుండ్రంగా తిరిగే ట్రాఫిక్ సర్కిల్ అంటే భయమట, ఎప్పుడు దూరాలో తెలియదట. ఒక ఫ్రెండ్ టెస్ట్‌లో చెత్తడబ్బాని గుద్ది, దిగి దానికే సారీ చెప్పిందట. అది చెప్తూ నవ్వింది. రోడ్డు దాటి వినపడే ఆ నవ్వే. ఇంత దగ్గర నుంచి వింటే మధ్యలో చిన్న గురక ఉంది అందులో. మా అమ్మకి ఉండేది అలాగే. ఆ సంగతి చెప్పబోయాను, నోట్లో కాయలు అడ్డొచ్చాయి, అది ఇంకా చెప్తూనే ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఈ సీట్లో కూర్చుని ఇదంతా వింటోంది కదా అనుకుంటే మళ్ళీ కడుపులో మండింది. కాయల పులుపో, ఇంకోటో.

లైబ్రరీ పార్కింగ్‌లో గీతల మధ్య నిలిపింది. ఇంజన్ ఆపలేదు. నా మొహం వైపు చూసింది.

"నువ్వు స్స్ అనలేదు."

తల ఊపాను.

"హైవే సైడ్ నుంచి ఇంటికి వెళ్దామా? సర్కిల్ ఉంది అక్కడ. ప్రాక్టీస్ చేస్తా."

ఆ సర్కిల్లో నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి తిరుగుతాను. పిడికిలి విప్పి చూసుకున్నాను. ఖాళీ, అరచెయ్యంతా ఎరుపు. నోట్లో ఉన్నది మింగేసి, సీట్‌బెల్ట్ ఇంకోసారి లాగి చూసుకుని, పెదాలు బిగించి, పోదాం అన్నట్టు చేత్తో రోడ్డు వైపు చూపించాను.